అసలు ముట్టుకోవచ్చా

ముప్పై నలభై ఏళ్ళ ఉద్యోగం ముగిసేనాటికి దాచుకున్న డబ్బు ఒకచోట ఉండదు. పీఎఫ్‌లో కొంత, ఎప్పుడో మానేసిన కంపెనీ తాలూకు పాత ఖాతాలో కొంత, గ్రాట్యుటీ, పోస్టాఫీసు పాసుపుస్తకాలు, పిల్ల పెళ్ళికని వేసి మిగిలిపోయిన ఎఫ్‌డీలు, గడువు తీరిన ఎల్‌ఐసీ పాలసీలు ఇలా చెల్లాచెదురుగా ఉంటుంది. దాన్ని ఒకచోటికి చేర్చడం మొదటి పని. చేర్చినదాన్ని ఏడాదికి ఎంత చొప్పున తీసి వాడుకోవాలో తేల్చుకోవడం రెండో పని. మొదటిది కాగితాల పని, ఓపిక ఉంటే అయిపోతుంది. రెండోదీ లెక్కలాగే కనిపిస్తుంది గాని, కాగితం కలం పట్టుకుని కూర్చోగానే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇంకా ఎన్నేళ్ళు బతకాలి? బతకడానికి ఎంత చాలు? మిగిలేది ఎవరిది? బ్యాంకు మేనేజరు వీటికి జవాబు చెప్పలేడు. ధర్మశాస్త్రాలు, మతగ్రంథాలు తలపట్టుకున్న ప్రశ్నలివి.

తెలుగు ఇళ్ళలో ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు చలామణీలో ఉంది: వడ్డీ తినాలి, అసలు ముట్టకూడదు. అసలు కరిగించుకునేవాణ్ణి లోకం చేతకానివాడి కింద లెక్కగడుతుంది. ఈ నియమం సేద్యం నుంచి వచ్చింది. పంట తినవచ్చు, పొలం అమ్ముకోకూడదు. ఎంత కరువొచ్చినా విత్తనపు గింజలు దంచుకోకూడదు. భూమి విషయంలో ఇది నిఖార్సయిన బుద్ధి. పొలం ఏటా పండుతుంది, ధరలతోపాటు దాని విలువా పెరుగుతుంది, తినేవాడు పోయినా అది ఉంటుంది. రూపాయికి ఆ గుణాలేవీ లేవు. ముసలితనం కోసం దాచిన సొమ్ము స్వభావంలో గాదెకు దగ్గర. గాదె నింపేది తీసుకు తినడానికే. ఎంత తీస్తే ఎన్నాళ్ళు వస్తుందన్న ఎరుక ఉండాలి, అంతే.

మనుస్మృతి నాలుగో అధ్యాయం గృహస్థుడైన బ్రాహ్మణుడు ఎంత నిల్వ పెట్టుకోవచ్చో చెబుతూ నలుగురిని చూపిస్తుంది. గాదెడు ధాన్యం ఉన్నవాడు, కుండెడు ధాన్యం ఉన్నవాడు, మూడు రోజుల తిండి ఉన్నవాడు, రేపటికంటూ ఏమీ ఉంచుకోనివాడు. ఈ వరసలో వెనకవాడు ముందువాడికంటే గొప్ప అని తీర్పు. గాదెడంటే ఎన్నాళ్ళ తిండి అన్న దగ్గర వ్యాఖ్యాతలకు పొత్తు కుదరలేదు. ఒకరు ఏళ్ళలో చెబితే మరొకరు రోజుల్లో చెప్పారు. అయితే అందరూ నిల్వను కాలంతోనే కొలిచారు, విలువతో కాదు. గాదెలో ఎన్ని బస్తాలున్నాయన్నది కాకుండా ఎన్నాళ్ళకు వస్తాయన్నదే వాళ్ళ లెక్క. కోటి రూపాయలున్నాయి అన్న మాటకంటే పాతికేళ్ళ ఖర్చుంది అన్న మాట ఈ పద్ధతికి దగ్గర.

రేపటికి ఏమీ ఉంచుకోనివాడే ఉత్తముడన్న తీర్పును ముసలితనానికి అతికించబోతే చిక్కొస్తుంది. అలా బతకాలంటే తెల్లవారి లేచి తెచ్చుకోగల కాళ్ళుండాలి, పెట్టే ఊరుండాలి. మోకాళ్ళు అరిగిన మనిషికి, అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండే దంపతులకు ఆ రెండూ లేవు. అసంచయం గొప్ప వ్రతమే గాని, శక్తి ఉన్నవాడి వ్రతం.

ఈ తేడాను యూదుల తోరాలోని ఒక కథ సూటిగా పట్టుకుంది. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో ఎడారిలో నడిచే ఇశ్రాయేలీయులకు రోజూ పొద్దున మన్నా కురుస్తుంది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. నమ్మకం చాలక మర్నాటికి దాచుకున్నవాళ్ళది పురుగుపట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నారు, ఏడో రోజు విశ్రాంతి దినం కనుక. ఆ రోజుకని దాచింది చెడలేదు. పదార్థం ఒకటే, పాత్రా ఒకటే. భయంతో దాచింది కుళ్ళింది, పని చేయకూడని రోజు కోసం దాచింది నిలిచింది. ఇంకొక సంగతీ ఈ కథలో ఉంది, బోధకులు దాన్ని పెద్దగా ఎత్తరు. ఏడో రోజున ఆ దాచినదాన్ని తినమనే ఆజ్ఞ. విశ్రాంతి దినాన కూడా పస్తుండి ఎనిమిదో రోజుకు మిగల్చమని ఎవరూ చెప్పలేదు. లూకా సువార్తలో కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుందామనుకున్న ధనికుడు ఆ రాత్రే చచ్చిపోతాడు. అతణ్ణి వెర్రివాడన్నది దాచినందుకేనా అంటే, కథ చదివితే అతని ఆలోచన మొత్తంలో తానొక్కడు తప్ప రెండో మనిషి కనిపించడు.

చేర్చే పని దగ్గరికి వస్తే, అది పైకి కనిపించేటంత పొడి పని కాదు. ఉద్యోగ భవిష్య నిధిలో 2014 నుంచి ప్రతి సభ్యుడికీ యూఏఎన్ అనే ఒకే సంఖ్య ఉంటోంది. అంతకుముందు నాలుగు కంపెనీలు మారినవాడికి నాలుగు ఖాతాలు. వాటిని ఈ సంఖ్య కిందికి తెచ్చుకోకపోతే పాతవి నిద్రపోతాయి. అందులో డబ్బుకంటే విలువైంది సర్వీసు. పెన్షన్ పథకం కింద నెలనెలా పింఛను రావాలంటే మొత్తం సర్వీసు పదేళ్ళు నిండాలి. ఆరేళ్ళు ఒకచోట, అయిదేళ్ళు మరోచోట చేసినవాడు మధ్యలో పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే ఆ హక్కు పోయినట్టే. కలుపుకుంటే 58వ ఏట పింఛనుదారు అవుతాడు. పీపీఎఫ్ మనిషికి ఒక్కటే ఉండాలి, 15 ఏళ్ళ తర్వాత అయిదేసి ఏళ్ళు పొడిగించుకోవచ్చు. బ్యాంకుల్లో పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిర్వహించే నిధికి వెళ్ళిపోతాయి. హక్కు పోదు గాని, వెతుక్కుని రుజువు చేసుకోవలసింది వారసులు. వాటిని వెతకడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టవలసి వచ్చిందంటే మరచిపోయిన ఖాతాలు ఎన్నో ఊహించవచ్చు.

అన్నీ ఒక్క బ్యాంకులోకి తోసేయడం కూడా తెలివి కాదు. ఒక బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా. ఈ హద్దు 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది, అంతకుముందు లక్షే. కనుక చేర్చడమంటే ఖాతాల సంఖ్య తగ్గించడం, ఉన్నవన్నీ ఒక కాగితం మీదికి తేవడం. ఆ కాగితం ఇంట్లో రెండో మనిషికి తెలిసి ఉండాలి.

ఎంతుందో తెలుసుకోవడమే ధర్మంలో మొదటి మెట్టు అన్నది ఒకదానికొకటి పోలిక లేని సంప్రదాయాల్లోనూ కనిపిస్తుంది. జైన గృహస్థుల అయిదు అణువ్రతాల్లో చివరిది పరిగ్రహ పరిమాణం. ఇల్లు, పొలం, బంగారం, ధాన్యం వీటికి ఇంతవరకే అని తానే హద్దు గీసుకోవాలి. ఇస్లాంలో జకాత్ ఎవరి మీద విధి అంటే, ఏడున్నర తులాల బంగారం గాని, యాభై రెండున్నర తులాల వెండి గాని, అంతకు సరిపడే సొమ్ము గాని చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉన్నవాడి మీద. ఇవ్వవలసింది అందులో 2.5 శాతం. తన దగ్గర ఎంతుందో తెలియనివాడికి వ్రతమూ సాగదు, జకాతూ తేలదు. బుద్ధుడు అనాథపిండికుడికి గృహస్థు సుఖాలు నాలుగని చెప్పాడు: న్యాయంగా ఆర్జించింది ఉందన్న సుఖం, దాన్ని అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, నింద లేని సుఖం. అనుభవించడాన్ని వేరే సుఖంగా లెక్కపెట్టడం చూడాలి. ఉందన్న తృప్తితోనే ఆగిపోయినవాడికి నాలుగింట ఒకటే దక్కింది.

ఇక తీసే లెక్క. హితోపదేశం మొదట్లోనే ఒక విచిత్రమైన సలహా ఉంది. చదువు, ధనం విషయంలో మనిషి తనకు ముసలితనమూ చావూ లేవన్నట్టు ఆలోచించాలట. ధర్మం విషయంలో మాత్రం మృత్యువు అప్పుడే జుట్టు పట్టుకున్నట్టు నడుచుకోవాలట. విరుద్ధంగా కనిపించే ఈ రెండు ముక్కలూ పదవీ విరమణ లెక్కకు సరిగ్గా అతుకుతాయి. డబ్బు ఎన్నాళ్ళు రావాలన్నప్పుడు చాలాకాలం బతుకుతానని అనుకోవాలి. ఇవ్వవలసింది, రాయవలసింది, చేయవలసింది ఏదైనా ఉంటే రేపు లేదనుకోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఖర్చు దగ్గర ఇంకెన్నాళ్ళులే అంటారు, వీలునామా దగ్గర తొందరేముంది అంటారు.

ఆయుర్దాయం తెలియకపోవడమే ఇక్కడ అసలు ముడి. ఆర్థికశాస్త్రం దీన్ని ఆలస్యంగా పట్టించుకుంది. ఫ్రాంకో మొదిగ్లియానీ, జనం పనిచేసే వయసులో దాచి విరామంలో కరిగిస్తారన్న జీవితచక్ర సిద్ధాంతానికి 1985లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మెనాహెమ్ యారీ 1965లోనే ఒక సంగతి నిరూపించాడు. వారసులకు మిగల్చాలన్న కోరిక లేనివాడు తన సొమ్మునంతా యాన్యుటీలో, అంటే బతికున్నంతకాలం నెలనెలా డబ్బిచ్చే ఒప్పందంలో పెట్టుకోవడం మంచిదని. లోకంలో ఆ పని చేసేవాళ్ళు చాలా తక్కువ, దానికి యాన్యుటీ చిక్కుముడి అని పేరు కూడా వచ్చింది. తొందరగా పోయినవాడి వాటాతో ఎక్కువకాలం బతికినవాడికి తిండి పెట్టే ఏర్పాటు అది. మన దగ్గర దాని మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే: నేను రేపు పోతే నా డబ్బు ఎవడు తింటాడు?

కేంద్ర ప్రభుత్వ పింఛనులో కమ్యుటేషన్ ఇదే పందాన్ని ఉల్టాగా ఆడిస్తుంది. పింఛనులో 40 శాతం దాకా వదులుకుని దానికి బదులు ముందే ఒక మొత్తం తీసుకోవచ్చు. అరవయ్యో ఏట దిగినవాడికి గుణకం 8.194. నెలకు 10,000 వదులుకుంటే చేతికొచ్చేది 9,83,280 రూపాయలు. 15 ఏళ్ళ తర్వాత ఆ కోత ఎత్తేస్తారు, ఈలోగా వదులుకున్నది 18 లక్షలు. మధ్యలో పోతే కుటుంబం ఏమీ తిరిగి కట్టనక్కర్లేదు, కుటుంబ పింఛనూ తగ్గదు. ఈ కాగితం మీద సంతకం పెట్టేవాడు తెలిసో తెలియకో తన ఆయుష్షు మీద పందెం కాస్తున్నాడు. ప్రభుత్వం వేరే పందెమూ కాసింది. 80 నిండిన పింఛనుదారుకు 20 శాతం అదనం, అక్కణ్ణుంచి అయిదేళ్ళకొకసారి పెంచుకుంటూ పోయి నూరేళ్ళకు రెట్టింపు. నూరేళ్ళు వర్ధిల్లమనే దీవెనకు సర్కారు పద్దులో చోటు దొరికింది ఇక్కడే కావచ్చు.

ముట్టకపోవడం కూడా నష్టమేనని హితోపదేశంలో నక్క కథ చెబుతుంది. వేటగాడు, లేడి, అడవిపంది, పాము ఒకేచోట చచ్చి పడి ఉండగా ఒక నక్క చూసింది. మనిషి నెల రోజులకు, లేడీ పందీ రెండు నెలలకు, పాము ఒక రోజుకు అని లెక్క వేసుకుంది. ఈ పూటకు ఇవేవీ ముట్టకుండా వింటికి కట్టిన నరంతో సరిపెట్టుకుందామని దాన్ని కొరికింది. తాడు తెగి విల్లు విసురుగా తన్ని గుండెలో దిగింది. కూడికలో నక్క ఎక్కడా తప్పలేదు. మూడు నెలల తిండి ఎదురుగా పెట్టుకుని ఆ పూటకు కడుపు మాడ్చుకోవడమే దాని ప్రాణం తీసింది.

అసలు ముట్టకూడదన్న నియమాన్ని అంకెల్లో పెట్టి చూస్తే అది తన మాటను తానే నిలబెట్టుకోలేదని తేలుతుంది. అరవై దాటినవారి కోసం 2004లో వచ్చిన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పరిమితిని 2023 ఏప్రిల్‌లో 30 లక్షలు చేశారు, వడ్డీ 8.2 శాతంగా నిర్ణయించారు. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. ఇదంతా తినేసి, అసలు మాత్రం ముట్టలేదన్న నిబ్బరంతో ఉండేవాళ్ళు వీధికి నలుగురుంటారు. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరుగుతున్నాయనుకుందాం. రిజర్వ్ బ్యాంకు సహించే పై హద్దు అదే. అప్పుడు 30 లక్షల విలువ నిలబడాలంటే ఏటా 1,80,000, నెలకు 15,000 దానికే తిరిగి చేర్చాలి. నిజంగా వడ్డీ అనదగ్గది 5,500 మాత్రమే. మిగిలిన 15,000 అసలే, వడ్డీ వేషంలో బయటికి వస్తోంది. పన్నెండేళ్ళు గడిచేసరికి అదే 20,500 ఇవాళ్టి పదివేలకు సమానం, గాదెలో ఉన్న 30 లక్షలూ ఇవాళ్టి 15 లక్షలే. మందులూ మనుషుల సాయమూ ఎక్కువ కావలసిన వయసు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

మరి ఎంత తీయవచ్చు? వడ్డీ, ధరలు అలాగే సాగుతాయనుకుని, పాతికేళ్ళకు గాదె ఖాళీ అయ్యేటట్టు, ధరలతోపాటు ఏటా 6 శాతం పెంచుకుంటూ తీస్తే మొదట్లో నెలకు 13 వేలకు కాస్త తక్కువ వస్తుంది. తొలి ఏళ్ళలో వడ్డీ మిగులుతుంది, దాన్ని మళ్ళీ వేసుకోవాలి. ఎనిమిది తొమ్మిదేళ్ళకు తీసేది 20,500 దాటుతుంది. ఆ తర్వాత ఒక దశలో అసలు బాహాటంగా కరగడం మొదలవుతుంది, కరగాలి కూడా. అమెరికాలో విలియం బెంగెన్ అనే సలహాదారు 1994లో, తొలి ఏడు నిల్వలో 4 శాతం తీసి తర్వాత ధరలను బట్టి పెంచుకుంటూ పోతే ముప్పై ఏళ్ళు వస్తుందని అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర తిరగేసి చెప్పాడు. ఆ లెక్కన 30 లక్షలకు నెలకు పదివేలు. ఆ అంకెను ఇక్కడికి ఉన్నపళంగా దింపుకోవడం భూమి నియమాన్ని పాసుపుస్తకానికి తగిలించడం లాంటిదే. కాకపోతే రెండు లెక్కలూ ఒకవైపే చూపిస్తున్నాయి: మొదటి ఏళ్ళలో మనవాళ్ళు తినేది ఎక్కువ, చివరి ఏళ్ళలో తినేది మరీ తక్కువ. పన్ను, అత్యవసరం, ఆస్పత్రి ఈ కూడికలో లేవు. ఆరోగ్య బీమాకు, చేతి ఖర్చుకు వేరే మూట కట్టుకున్న తర్వాతే ఇది పనికొస్తుంది.

అరవై ఏళ్ళవాడు ఎనభై అయిదేళ్ళవాడి కోసం తన నోరు కట్టుకోవాలా అన్నది తత్త్వవేత్తల ప్రశ్న. బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో నాగసేనుడు, తొలిజాములో వెలిగిన దీపజ్వాల చివరిజాములోని జ్వాల ఒకటేనా అని అడిగి, ఒకటీ కాదు వేరూ కాదు అనిపిస్తాడు. 1984లో తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ ఇంచుమించు ఆ దారినే నడిచి, మన భవిష్యత్తు మనిషి మనకు దాదాపు పరాయి మనిషిలాంటివాడని, పరాయివాడికి చేయకూడని అన్యాయం అతడికీ చేయకూడదని వాదించాడు. అన్యాయం రెండువైపులా జరగవచ్చు. అరవైలో విచ్చలవిడిగా తిని ఎనభై అయిదును ఎండగట్టడం ఒకటి. ఎప్పుడో వస్తాడో రాడో తెలియని తొంభై ఏళ్ళవాడి కోసం, నడవగలిగిన కాళ్ళున్నప్పుడు కాశీ రామేశ్వరం వెళ్ళకపోవడం, కంటి ఆపరేషన్ వాయిదా వేయడం రెండోది. ఎప్పుడూ మందలింపు పడేది మొదటిదానికే.

మిగిలేది ఎవరిదన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. కల్యాణి చాళుక్యుల రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కుందంది. పదమూడో శతాబ్దంలో తిక్కన సమకాలికుడు కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయమని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బిడ్డకు పుట్టుకతో హక్కు అన్న భావం తెలుగు నేలలో అంత లోతుగా ఉంది. ఆ హక్కు కూతుళ్ళకూ చెందుతుందని ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ దేశమంతటికీ 2005లో వచ్చింది. అయితే అది పిత్రార్జితం మాట. జీతంలోంచి కోసి కట్టిన పీఎఫ్ స్వార్జితం. తండ్రి బతికి ఉండగా అందులో బిడ్డలకు హక్కంటూ లేదు. 1952 నాటి ఈపీఎఫ్ చట్టం పదో సెక్షన్ అప్పులవాళ్ళు సైతం ఆ నిల్వను జప్తు చేయకుండా అడ్డుపడింది. ముసలినాటి తిండి గింజలని చట్టమే దాని చుట్టూ కంచె వేసింది. ఆ కంచెను లోపలివాడే తీసేస్తుంటాడు, కొడుకు ఫ్లాటు అడ్వాన్సుకో, అల్లుడి వ్యాపారానికో.

బతికుండగానే పంచాలా, పోయాక పంచుకోనివ్వాలా? తెలుగునాట ఎందరో తమది ఆపస్తంబ సూత్రమని చెప్పుకుంటారు. ఆ ధర్మసూత్రం తండ్రి జీవించి ఉండగానే బిడ్డలకు సమానంగా పంచమంటుంది. పంచిన తర్వాత వనానికి వెళ్ళే ఏర్పాటు ఉన్న కాలం అది. వనం లేని కాలంలో పంచేసినవాడు ఇంకొకరి పంచన బతకాలి. అలా బతకడం ఎలా ఉంటుందో మహాభారతం ఆశ్రమవాస పర్వం చూపిస్తుంది. యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడు పదిహేనేళ్ళు ధర్మరాజు పంచన ఉన్నాడు. ధర్మరాజు లోటు రానివ్వలేదు గాని భీముడు ముసలాయన చెవిన పడేలా సూటిపోటి మాటలు అంటూనే ఉన్నాడు. అడవికి వెళ్ళేముందు భీష్ముడికి, ద్రోణుడికి, చచ్చిపోయిన కొడుకులకు శ్రాద్ధం పెట్టి దానాలు చేయాలని, దానికి ధనం కావాలని విదురుడి చేత కబురు పెట్టాడు. భీముడు కుదరదన్నాడు: భీష్ముడికీ ద్రోణుడికీ మేమే పెట్టుకుంటాం, దుర్యోధనుడికి పెట్టడానికి మా సొమ్మెందుకు? అర్జునుడు నచ్చజెప్పాడు. చివరికి ధర్మరాజు, ఇది భీముడి సొమ్ము అనుకోవద్దు, నా బొక్కసం నుంచీ అర్జునుడి ఇంటి నుంచీ ఎంత కావాలంటే అంత తీసుకొమ్మను అని విదురుణ్ణి పంపాడు. ఒకప్పుడు హస్తినాపురం ఏలినవాడు కన్నకొడుకుల పిండాల కోసం అడిగి, కాదనిపించుకుని, ఆనక ఇప్పించుకోవలసి వచ్చింది. దయ ఉన్న ఇంట్లోనే ఇలా జరిగింది. ధర్మరాజు లేని ఇళ్ళ కోసం పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం చేసింది. చూసుకుంటామన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. రిజిస్టరైన ఇంటికి ఇది పనికొస్తుంది. ఏళ్ళ తరబడి విడతలుగా కొడుకు ఖాతాకు పంపిన పీఎఫ్ డబ్బును ఏ షరతుతో ఇచ్చారో నిరూపించడం మాత్రం కష్టం.

ఇవ్వడానికీ ఉంచుకోవడానికీ మధ్య గీత ఎక్కడన్నదానికి భాగవతంలో ఒక జవాబుంది, అయితే అది చెప్పినవాడికి మంచిపేరు లేదు. వామనుడికి దానం ఇవ్వబోతున్న బలికి శుక్రాచార్యుడు అడ్డుపడి, బతుకుదెరువునే చెరిపేసే దానాన్ని పెద్దలు మెచ్చరని, ధనాన్ని ధర్మానికి, కీర్తికి, మళ్ళీ ఆర్జనకు, సొంత సుఖానికి, తనవాళ్ళకు అని అయిదు వాటాలు వేసుకున్నవాడు ఇహంలోనూ పరంలోనూ సుఖపడతాడని చెబుతాడు. పోతన చేతుల్లో బలి తిరస్కారం ఎంత గొప్పగా పలికిందంటే, తెలుగువాళ్ళకు శుక్రుడి మాట స్వార్థపరుడి సణుగుడుగా మిగిలిపోయింది. బలి ముల్లోకాల ప్రభువు, అడిగినవాడు విష్ణువు. నెలకు ఇరవై వేలతో ఇల్లు నడుపుకునే విశ్రాంత గుమస్తాకు శుక్రుడే సరైన గురువు. ఆ అయిదు వాటాల్లో ఒకటి తన సుఖానికి కేటాయించాలన్న మాట, విధిగా ఉచ్చరించినందుకే విలువైంది. ఇస్లాం ఇంకోవైపు నుంచి హద్దు గీసింది. పోయేముందు వీలునామాతో ఇతరులకు రాసివ్వగలిగేది మూడో వంతు దాకానే, మిగతాది నిర్ణీత వాటాలుగా వారసులకు వెళ్ళాలి. దానం పేరుతో ఇంటివాళ్ళను రోడ్డున పడేయడానికి వీల్లేకుండా.

ఇంటివాళ్ళలో మొదటిది భార్య. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్ళబోతూ, ఇద్దరు భార్యలకూ ఆస్తి తెగ్గొట్టి ఇస్తానని మైత్రేయితో అంటాడు. లోకమంతా నిండే ధనమున్నా దానితో అమృతత్వం వస్తుందా అని ఆమె అడుగుతుంది. రాదు, ఉన్నవాళ్ళ బతుకులా నీ బతుకు సాగుతుంది, అంతే అంటాడు. అక్కణ్ణుంచి సంభాషణ ఆత్మ వైపు మళ్ళి ఉపనిషత్తుల్లోనే ఎత్తైన ఘట్టాల్లో ఒకటైంది. రెండో భార్య కాత్యాయని వాటా ఏమైందో గ్రంథం చెప్పదు. ఇల్లు నడిపే తెలివి ఆమెదని మాత్రం ఒకచోట అంటుంది. బ్రహ్మజ్ఞాని కూడా వెళ్ళిపోయేముందు ఇంట్లో లెక్క తేల్చాలనుకున్నాడన్నది మైత్రేయి ప్రశ్న వెలుగులో మరుగున పడిపోయింది.

ఇప్పటి కాత్యాయని వాటా తేలేది రెండు కాగితాల మీద. ఒకటి నామినేషన్. నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్ము అతనిదైపోదు. వారసుల తరఫున అందుకునేవాడే అని 1983లో బీమా విషయంలో, 2023 డిసెంబరులో షేర్ల విషయంలో సుప్రీం కోర్టు చెప్పింది. బీమాలో మాత్రం 2015 నాటి సవరణ, నామినీ జీవిత భాగస్వామో పిల్లలో తల్లిదండ్రులో అయితే ఆ సొమ్ముపై హక్కు వాళ్ళకే ఇచ్చింది. పెళ్ళికి ముందు తల్లి పేరు రాసి మార్చడం మరచిపోయిన పీఎఫ్ ఖాతాలు, తమ్ముడి పేరున్న పాత పాలసీలు ఖాతాలు చేర్చేటప్పుడే బయటపడతాయి. నామినేషన్‌కు తోడు వీలునామా ఉంటే తప్ప ఆ తగవు తెగదు.

రెండోది యాన్యుటీ దరఖాస్తు. జాతీయ పింఛను పథకంలో చాలాకాలం పాటు నిల్వలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలన్న నిబంధన నడిచింది, ఆ కాగితం ఎందరికో పరిచయమే. అందులో గడులుంటాయి. తన జీవితకాలానికి మాత్రమే. తన తర్వాత భార్యకు పూర్తిగా. ఇద్దరి తర్వాత కొన్న ధర వారసులకు వాపసు. మొదటిదానికి నెలసరి సొమ్ము అన్నిటికంటే ఎక్కువ, కానీ ఆయన పోయిన మర్నాడు ఇంట్లో ఆదాయం సున్నా. మూడోదానికి అన్నిటికంటే తక్కువ. అసలు ముట్టకూడదన్న పాత నియమం ఈ మూడో గడిలో అచ్చుపోసినట్టుంటుంది. దంపతులిద్దరూ చివరిదాకా కాస్త తక్కువ తిని, ఏనాటికో విలువ కరిగిపోయే ఒక మొత్తాన్ని, అప్పటికి తామే అరవై దాటి ఉండే పిల్లలకు వదిలి వెళ్తారు. రెండో గడిలో ఆ మొత్తం ఉండదు, భార్యకు పింఛను మాత్రం ఉంటుంది. భర్తకంటే వయసులో చిన్నది, ఆయన తర్వాత ఏళ్ళ తరబడి బతకవలసి రావచ్చు, తన పేరిట జీతమో పింఛనో ఎన్నడూ లేనిది అయితే ఆ ఇంటికి కావలసింది రెండోదే. అయినా దరఖాస్తు నింపేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఏ గడి అని అడిగే ఇళ్ళు తక్కువ.